పాత రబ్బరును ఫిల్లర్ అనుకోవద్దు: బఫింగ్ పొడి నుంచి కొత్త ప్యాడ్ దాకా

తాడిపత్రి చుట్టుపక్కల నాపరాయి బండలు లోడ్ చేసే చోట కాసేపు నిలబడి చూడండి. లారీ బాడీకీ బండకీ మధ్య ఏదో ఒక మెత్తటిది పెడతారు. గడ్డి పెడతారు, గోనెసంచి పెడతారు, లేదంటే పాత టైరు ముక్క పెడతారు. మా యూనిట్ ఆ టైరు ముక్కతోనే మొదలైంది. ఇప్పుడు అంగుళం మందం ప్యాడ్లు, లారీ మడ్‌ఫ్లాప్‌లు, పాడి రైతులకు ఆవుల కింద పరిచే మ్యాట్లు చేస్తున్నాం. వీటన్నిటికీ కొత్త రబ్బరే పోస్తే గిట్టదు. అనంతపురంలో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. రబ్బరు చెట్టుకు దానికి మూడు నాలుగు రెట్లు కావాలి. కాబట్టి కొత్త రబ్బరు ప్రతి కిలో బయటినుంచి లారీ ఎక్కి రావాల్సిందే. పాత రబ్బరు మాత్రం మన గుమ్మం ముందే ఉంది. 44వ నంబరు జాతీయ రహదారి కర్నూలు, అనంతపురం జిల్లాల మీదుగా పోతుంది. ఆ దారి పొడవునా రీట్రెడింగ్ (అరిగిన టైరుకి కొత్త పైపొర వేసే) షాపుల వెనక బఫింగ్ పొడి, అంటే టైరు గీకిన పొడి, బస్తాల్లో పేర్చి ఉంటుంది.

మొదట్లో ఆ పొడిని సున్నపురాయి పొడి లాంటి ఫిల్లర్, అంటే ఖర్చు తగ్గించే ఉత్త నింపుడు పొడి, అనుకున్నాను. కొత్త రబ్బరుకి లెక్క ప్రకారం గంధకం, యాక్సిలరేటర్ (ఉడుకు వేగం పెంచే రసాయనం) వేసి, ఖర్చు తగ్గించడానికి పైనుంచి పొడి కలిపాను. రెండు తమాషాలు జరిగాయి. మిశ్రమం మిల్లు (రెండు రోలర్ల మధ్య రబ్బరు నలిపే యంత్రం) మీదే తొందరగా అంటుకోవడం మొదలుపెట్టింది, అంటే స్కార్చ్ అయింది. సరే, తొందరగా ఉడికేదైతే గట్టిగా అయినా వస్తుందిలే అనుకున్నాను. ప్రెస్‌లోంచి తీస్తే ప్యాడ్ మెత్తగా ఉంది. బండ పెడితే నొక్కు పడి మళ్ళీ లేవలేదు. "ఇదేంది సామీ, మాడిందా పచ్చిగుందా?" అన్నాడు మా మిల్లు మేస్త్రీ. రెండూ నిజమే.

ఎందుకో తెలుసుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. పాత రబ్బరులో వాడకుండా మిగిలిన యాక్సిలరేటర్, దాని తాలూకు అవశేషాలు ఉంటాయి. అవి పొడిలోంచి కొత్త రబ్బరులోకి జారుకుంటాయి. అందుకే తొందరగా అంటుకుంటుంది. అదే సమయంలో మనం వేసిన గంధకం కొత్త రబ్బరులోంచి పొడిలోకి పోతుంది, ఎందుకంటే పొడి కూడా రబ్బరే, గంధకం దానిలోనూ కరుగుతుంది. అందుకే కొత్త రబ్బరు సగం ఉడికి ఆగిపోతుంది. సున్నపురాయి పొడి ఇచ్చేదీ లేదు, తీసుకునేదీ లేదు. పాత రబ్బరు రెండూ చేస్తుంది. కింద రాసిన ప్రతి అడుగులోనూ ఈ లెక్కే వస్తుంది.

లోపల ఏం జరుగుతుంది

నులక మంచం ఊహించుకోండి. పచ్చి రబ్బరు అంటే విడివిడిగా పడి ఉన్న నులక తాళ్ళు. గంధకం వేసి వేడి చేస్తే తాడుకీ తాడుకీ మధ్య ముళ్ళు పడతాయి. అదే వల్కనైజేషన్. అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనిపెట్టింది ఇదే. ముడి పడ్డాక రబ్బరు కరగదు, ప్రవహించదు, కొత్త రబ్బరుతో కలవదు. తిరిగి వాడాలంటే ముళ్ళు విప్పాలి, తాళ్ళు మాత్రం తెగకూడదు. తాళ్ళు తెగితే మిగిలేది నులక పీచు. దాంతో మళ్ళీ మంచం అల్లలేం.

ఈ పని సాధ్యమవడానికి కారణం బంధాల బలంలో తేడా. తాడు అంటే కార్బన్–కార్బన్ బంధం. దాన్ని తెంచడానికి మోల్‌కి సుమారు 350 కిలోజౌళ్ళు కావాలి. ముడిలో ఉండే గంధకం–గంధకం బంధానికి సుమారు 270 చాలు. ఒకే ముడిలో నాలుగైదు గంధకం అణువులు వరసగా ఉంటే ఇంకా తక్కువకే విడిపోతుంది. సహజ రబ్బరుని మామూలు పద్ధతిలో, అంటే గంధకం ఎక్కువ, యాక్సిలరేటర్ తక్కువ వేసి ఉడికిస్తే ఇలాంటి పొడవాటి ముళ్ళే ఎక్కువ పడతాయి. అది మన అదృష్టం. కానీ తేడా మరీ పెద్దది కాదు. వేడి ఎక్కువైనా, నలుపుడు ఎక్కువైనా ముడితో పాటు తాడూ పోతుంది.

సరుకు ఎంచుకోవడం

అన్నిటికంటే మంచి సరుకు మీ ప్రెస్ పక్కనే పడి ఉంటుంది. మీ మోల్డు ఫ్లాష్ (అచ్చు అంచుల్లోంచి బయటికి పొంగిన రబ్బరు), మీ రిజెక్టులు. దానిలో ఏముందో మీకు తెలుసు.

దాని తర్వాతి స్థానం లారీ, బస్సు టైర్ల ట్రెడ్ బఫింగ్‌ది. రీట్రెడింగ్‌లో అరిగిన టైరు పైభాగాన్ని గీకినప్పుడు వచ్చే పొడి, పీచు అది. లారీ ట్రెడ్‌లో సహజ రబ్బరు వాటా ఎక్కువ. కారు టైరులో సింథటిక్ రబ్బరు ఎక్కువ, కాబట్టి ఆ బస్తాని వేరుగా పెట్టించుకోండి. బఫింగ్‌లో ఇంకో లాభం ఉంది. గీకేది పైపొర మాత్రమే కాబట్టి లోపలి నైలాన్ దారం, స్టీలు తీగ దాదాపు రావు. టైరు మొత్తాన్ని ముక్కలు చేయించి పొడి కొట్టిస్తే దారం ఏరడానికే సగం రోజు పోతుంది.

ట్యూబులతో జాగ్రత్త. పాత ట్యూబుల్లో చాలావరకు బ్యూటైల్ రబ్బరు. ఇది సహజ రబ్బరుతో కలిసి ఉడకదు. బస్తాలో కొంచెం కలిసినా ఆ చోట పొర లేచిపోతుంది. ఒకసారి సరుకు పంపినాయన బస్తా అడుగున ట్యూబు ముక్కలు తోసి పంపాడు. మేం చూసుకోలేదు, ఆ రోజు తీసిన మ్యాట్లన్నిటి మీదా పుండ్లలా బుడగలు. అప్పటినుంచి ఒక అలవాటు చేసుకున్నాం. ప్రతి బస్తానీ నేల మీద కుమ్మరిస్తాం. ముక్కగా ఉన్న ప్రతిదాన్నీ ఛాతీ ఎత్తు నుంచి సిమెంటు గచ్చు మీద వదులుతాం. సహజ రబ్బరు ముక్క చురుగ్గా ఎగురుతుంది. బ్యూటైల్ ముక్క తడిగుడ్డలా పడి కూర్చుంటుంది. ఈ తేడా ఒక్కసారి చూస్తే ఇక మర్చిపోరు. తలుపు బీడింగులు, రేడియేటర్ గొట్టాలు లాంటి నల్లటి ముక్కలు కనిపిస్తే పరీక్ష కూడా అక్కర్లేదు, పారేయండి. అవి వేరే జాతి రబ్బర్లు.

జల్లెడ, అయస్కాంతం, ఎండ

పీచుని గ్రైండర్‌లో వేసి పొడి చేయాలి. 30 మెష్ జల్లెడలో దిగిన రేణువు సుమారు 0.6 మిల్లీమీటర్లు, 40 మెష్‌లో దిగినది సుమారు 0.4. మెత్తన అయ్యేకొద్దీ చివరి వస్తువు బలం తక్కువ పోతుంది, కానీ కరెంటు బిల్లు పెరుగుతుంది, గ్రైండర్‌లో పొడి వేడెక్కుతుంది. ప్యాడ్లకి 30 చాలు, మ్యాట్లకి 40 పెట్టుకోండి. 80 మెష్ దాకా పోవాల్సిన వస్తువు చిన్న యూనిట్లలో నాకు కనిపించలేదు.

జల్లెడ తర్వాత పళ్ళెంలో పల్చగా పరిచి అయస్కాంతం రెండుసార్లు తిప్పండి. ఒక్క తీగ ముక్క రోలర్ మీద గీత పెడితే దాన్ని తురిమించడానికి అయ్యే ఖర్చు ఆ నెల లాభాన్ని తినేస్తుంది. తర్వాత ఎండ. మన దగ్గర దానికి కొదవ లేదు, రెండు గంటలు చాలు. తేమ ఉంటే ప్రెస్‌లో ఆవిరై వస్తువు లోపల గుల్ల పడుతుంది. అయితే గ్రైండర్‌లోంచి వచ్చిన వేడి పొడిని కుప్ప పోయొద్దు. లోపల వేడి బయటికి పోక రాజుకునే ప్రమాదం ఉంది. చల్లారాకే బస్తాలకెత్తి, బస్తాలని విడివిడిగా నిలబెట్టండి.

ముళ్ళు విప్పడం

పెద్ద ఫ్యాక్టరీలు దీన్ని ఆటోక్లేవ్‌లో, ఎక్స్‌ట్రూడర్‌లో చేస్తాయి. మైక్రోవేవ్, అల్ట్రాసౌండ్ పద్ధతులూ ఉన్నాయి. మార్కెట్లో దొరికే రీక్లైమ్ షీటు (ముళ్ళు ముందే విప్పిన పాత రబ్బరు) కొనుక్కుంటే ఈ భాగం మొత్తం దాటేయొచ్చు. అది తప్పేం కాదు, చాలామంది అదే చేస్తారు. నేను చెప్పేది రెండు రోలర్ల మిక్సింగ్ మిల్లు ఒక్కటే ఉన్నవాళ్ళకి. ఇందులో పని చేసేది ఒరిపిడి, సాయం చేసేది ఒక రసాయనం. వేడి పాత్ర వీలైనంత తగ్గించాలి.

ఆ రసాయనం టీఎంటీడీ. షాపుల్లో టీఎంటీ అంటారు. మామూలుగా దీన్ని వేగం పెంచే యాక్సిలరేటర్‌గా వాడతాం. రోలర్ల మధ్య నలిగి ముడి తెగినప్పుడు రెండు కొసలు బయటపడతాయి. ఊరుకుంటే అవి మళ్ళీ అతుక్కుంటాయి. టీఎంటీడీ ముక్కలు ఆ కొసలకి మూతలా పట్టి అతుక్కోనివ్వవు.

మొదలుపెట్టడానికి కొలత: 100 పాళ్ళ పొడికి 2.5 నుంచి 3 పాళ్ళ టీఎంటీడీ, 10 పాళ్ళ స్పిండిల్ ఆయిల్. ముందురోజు సాయంత్రం టీఎంటీడీని ఆయిల్‌లో బాగా కలిపి, దాన్ని పొడికి పట్టించి, మూతపెట్టిన డబ్బాలో రాత్రంతా ఉంచండి. ఆయిల్ పొడిలోకి ఇంకాలి. పొద్దున చేత్తో పిడికిలి పట్టి వదిలితే తడి ఇసుకలా ముద్ద నిలవాలి, అరచేతికి నూనె అంటకూడదు. అంటుతుంటే ఇంకో పూట ఆగండి.

మాది 14 అంగుళాల వ్యాసం, 36 అంగుళాల పొడవు మిల్లు. దాని మీద ఈ పనికి ఒక్కసారికి 8 కిలోలకి మించి వేయం. రోలర్ల సందు కాగితం మందానికి తెచ్చి, చల్లనీళ్ళు పూర్తిగా వదిలి మొదలుపెట్టాలి. మొదటి నాలుగైదు సార్లు వేసింది వేసినట్టే పొడిగా కింద ట్రేలో పడుతుంది. కొత్తవాళ్ళు ఇక్కడే చేతులెత్తేస్తారు. ట్రేలోది చేటతో ఎత్తి మళ్ళీ పోయండి. ఎనిమిది, పది సార్లకి పొడి కాస్తా అటుకుల్లా రేకులు కడుతుంది. ఇంకో పదిసార్లకి ఆ రేకులు ఒకదానికొకటి పట్టుకుని, జల్లెడలా చిల్లులున్న షీటు ముందు రోలర్‌కి చుట్టుకోవడం మొదలవుతుంది. అక్కడినుంచి పని తేలిక. కత్తితో అటూ ఇటూ కోసి మడిచి వేస్తూ ఉంటే చిల్లులు పూడతాయి. షీటు అంచు ఇంకా చిరుగులు చిరుగులుగానే ఉంటుంది, అది ఫరవాలేదు.

మొత్తం 35 నుంచి 40 నిమిషాలు. అక్కడ ఆపాలి. షీటు ఇంకా నునుపు తేలుతుందని ఆశపడి గంట తిప్పితే వేలికి జిగురు తగలడం మొదలవుతుంది, లాగితే సాగి తిరిగి రాదు. ఆ జిగురు అంటే తాళ్ళు తెగాయని అర్థం. నిజం చెప్పాలంటే, చూడ్డానికి అందంగా ఉన్న షీటు కన్నా కాస్త గరుకుగా ఉన్న షీటే నాకు మంచి ప్యాడ్ ఇచ్చింది.

నీళ్ళ సంగతి మన ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పాలి. రోలర్ 60, 70 డిగ్రీలు దాటకూడదు. మే నెలలో పగలు పైట్యాంకు నీళ్ళే చెయ్యి పెట్టలేనంత కాగి ఉంటాయి. పైగా బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. రెండేళ్ళకి మా రోలర్ల లోపల గార పట్టి, నీళ్ళు పోతున్నా రోలర్ చల్లబడడం మానేసింది. మేం చాలా రోజులు నీళ్ళు చాలడం లేదనుకుని మోటారుని తిట్టాం. ఇప్పుడు నీడలో భూమిలోపల సంపు కట్టి దానిలోంచి తిప్పుతున్నాం, ఏడాదికోసారి గార తీయిస్తున్నాం, వేసవిలో ఈ పని తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగిస్తున్నాం.

మిల్లు దగ్గర ఇంకో మాట. మన మేస్త్రీలకి భుజం మీద తుండుగుడ్డ లేకపోతే ఏదో వెలితి. మిల్లు దగ్గరికి వచ్చేటప్పుడు అది గోడకి తగిలించాల్సిందే. ఉంగరం, కడియం, వాచీ కూడా. కత్తి ఎప్పుడూ సందుకి కింద, రోలర్ సగం ఎత్తుకన్నా దిగువనే ఆనాలి. రోలర్లని ఆపే సేఫ్టీ బార్‌ని రోజూ పని మొదలుపెట్టే ముందు ఒకసారి లాగి చూడండి. లాగిన వెంటనే రోలర్లు ఆగకపోతే ఆ రోజు మిల్లు వేయొద్దు. నేను వేయను.

టీఎంటీడీ పొడి చర్మానికి దురద, దద్దుర్లు తెస్తుంది. చేతి తొడుగులు, మాస్కు తప్పనిసరి. ఇంకో విచిత్రం కూడా ఉంది. మద్యం మానిపించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ మందు రసాయనికంగా దీనికి తోబుట్టువు లాంటిది. పగలు టీఎంటీడీ పీల్చి రాత్రి మద్యం తాగినవాడికి మొహం ఎర్రబడి, గుండె దడ, వాంతి వస్తాయి. మా కుర్రాడొకడు సారాయి కల్తీ అయిందనుకున్నాడు. చెప్పాక మాస్కు తీయడం మానేశాడు. ఉడికేటప్పుడు దీనిలోంచి నైట్రోసమైన్ అనే హానికర పదార్థాలు కూడా కొంత వస్తాయి, కాబట్టి ప్రెస్ పైన పొగ లాగే ఫ్యాన్ పెట్టకుండా ఈ పద్ధతి మొదలుపెట్టొద్దు.

ముడి విప్పామా, తాడు తెంచామా

చేత్తో చూస్తే కొంత తెలుస్తుంది, మిగతాది సీసాలో తెలుస్తుంది. కావలసినవి మూతలున్న గాజు సీసాలు, అసిటోన్, టోలుయీన్, బంగారం కొట్టుల్లో వాడే రకం చిన్న తూకం. రెండు ద్రావకాలూ పెట్రోలులా అంటుకుంటాయి. ప్రెస్ షెడ్డులో కాదు, వేరే గదిలో, కిటికీ తీసి చేయండి.

మిల్లు వేయని పొడి ఒకటి, మిల్లు వేసిన షీటు ముక్క ఒకటి తీసుకోండి. రెండిటినీ ఒక రోజు అసిటోన్‌లో నానబెట్టి నూనెని లాగేయండి. ఆరబెట్టి తూచండి. తర్వాత మూడు రోజులు టోలుయీన్‌లో, రోజూ టోలుయీన్ మారుస్తూ ఉంచండి. తీసి, పైతడి అద్ది, ఉబ్బిన బరువు తూచండి. మళ్ళీ పూర్తిగా ఆరబెట్టి చివరి బరువు తూచండి. ఉదాహరణకు ఆరిన ముక్క 2.00 గ్రాములు, టోలుయీన్ తర్వాత ఆరబెడితే 1.80 అనుకోండి. 0.20 గ్రాములు, అంటే 10 శాతం కరిగిపోయింది. ఉబ్బినప్పుడు 7.20 ఉంటే మిగిలిన రబ్బరు నాలుగు రెట్లు తూగింది.

ఈ రెండు అంకెల్ని కలిపి చదవాలి. ముళ్ళు మాత్రమే విడిపోతే వల వదులవుతుంది, కాబట్టి ఉబ్బడం బాగా పెరుగుతుంది, కరిగిపోయేది తక్కువే ఉంటుంది. తాళ్ళు తెగితే ముక్కలు ముక్కలుగా కరిగిపోయేది చకచకా పెరుగుతుంది, మిగిలిన వల మాత్రం పెద్దగా వదులవదు. హోరిక్స్ అనే శాస్త్రవేత్త 1956లో దీనికి గణితం రాశాడు. పరిశోధకులు ఇప్పటికీ ఆ గీతల మీదే తమ ఫలితాలు గుర్తిస్తారు. మనకి గీతలు అక్కర్లేదు. 20, 30, 40, 50 నిమిషాల దగ్గర తలా ఒక ముక్క కోసి నాలుగు సీసాల్లో వేసి చూడండి. కరిగేది ఒక్కసారిగా పెరిగే చోటు కనిపిస్తుంది. మీ మిల్లుకి దానికి ముందున్న నిమిషమే సరైన నిమిషం. ఇది ఒక్కసారి చేస్తే చాలు, సరుకు మారితే తప్ప మళ్ళీ అక్కర్లేదు.

రెసిపీ, గంధకం లెక్క

ప్యాడ్లకి మేం వాడే కూర్పు ఇది. పాళ్ళ లెక్కలో:

ఐఎస్‌ఎన్‌ఆర్ 20 (సహజ రబ్బరులో ఒక గ్రేడు) కొత్త రబ్బరు 70
మిల్లు వేసిన పాత రబ్బరు 60
జింక్ ఆక్సైడ్ 4
స్టియరిక్ యాసిడ్ 1.5
టీఎంక్యూ యాంటీ ఆక్సిడెంట్ 1
హెచ్‌ఏఎఫ్ కార్బన్ బ్లాక్ (బలమిచ్చే నల్ల మసి) 25
ముగ్గురాయి పొడి 20
ప్రాసెస్ ఆయిల్ 4
సీబీఎస్ (యాక్సిలరేటర్) 0.6
గంధకం 2.2

మొత్తం 188.3. పది కిలోల బ్యాచ్‌కి ఒక్కో పాలు 53.1 గ్రాములు. అంటే కొత్త రబ్బరు 3 కిలోల 717 గ్రాములు, పాతది 3 కిలోల 186, గంధకం 117 గ్రాములు, సీబీఎస్ 32. మిగతావి మీరే గుణించుకోండి.

అరవై పాళ్ళ పాత రబ్బరులో నిజంగా రబ్బరు సగమే. మిగతాది అందులో ముందే ఉన్న కార్బన్ బ్లాక్, జింక్, మనం పట్టించిన నూనె. కాబట్టి దాన్ని 30 పాళ్ళ రబ్బరుగా లెక్కించాను. 70, 30 కలిపితే వంద. గంధకం ఆ వందకి వేయాలి, 70కి కాదు. నా మొదటి లాట్ పచ్చిగా మిగలడానికి కారణం ఇదే. ఇక సీబీఎస్. అంతా కొత్త రబ్బరైతే ఒక పాలు దాకా వేసేవాణ్ని. ఇక్కడ పాత రబ్బరులోంచి మిగులు వస్తుంది, పైగా ముళ్ళు విప్పడానికి వేసిన టీఎంటీడీలో కొంత మిగిలి అదీ యాక్సిలరేటర్‌లా పనిచేస్తుంది. అందుకే 0.6కి దించాను. గంధకం పూర్తిగా, యాక్సిలరేటర్ తగ్గించి అని గోడ మీద సుద్దతో రాసి పెట్టాం.

ముగ్గురాయి గురించి. మంగంపేట గనుల పుణ్యమా అని బెరైటీస్ పొడి మనకి దగ్గర్లోనే దొరుకుతుంది. అది బరువైన పొడి, రబ్బరుతో గొడవ పెట్టుకోదు, యాసిడ్‌కి తట్టుకుంటుంది. కానీ బలం ఇవ్వదు. మ్యాట్లు కిలోల లెక్కన అమ్ముడుపోయే చోట దీన్ని 80, 100 పాళ్ళు దట్టించాలన్న ఆశ పుడుతుంది. అలాంటి మ్యాట్ చేతికి బరువుగా తగులుతుంది, ఆవు గిట్ట కింద ఏడాది తిరక్కుండా పగుళ్ళిస్తుంది. రైతు రెండోసారి మీ దగ్గరికి రాడు.

మ్యాట్లకైతే పాత రబ్బరుని 40 పాళ్ళకి తగ్గించి కొత్తది 80 వేయండి. అప్పుడు కూడా రబ్బరు లెక్క వందే.

కలిపే వరుస

ముందు కొత్త రబ్బరుని ఒక్కదాన్నే మిల్లు మీద అయిదారు నిమిషాలు నలపాలి. మెత్తబడ్డాకే పాత రబ్బరు షీటుని ముక్కలుగా ఇవ్వాలి. తలకిందులుగా చేస్తే పాతది గడ్డలు గడ్డలుగా మిగిలిపోతుంది, ప్యాడ్ కోసి చూస్తే గవ్వల్లా కనిపిస్తుంది. రెండూ ఒకే రంగు, ఒకే మెరుపు వచ్చాక జింక్, స్టియరిక్, యాంటీ ఆక్సిడెంట్ వేయండి. ఆ తర్వాత కార్బన్ బ్లాక్, ముగ్గురాయి పొడి కొద్దికొద్దిగా, మధ్యమధ్యలో నూనె. షీటు తీసి పూర్తిగా చల్లారనివ్వండి. వీలైతే ఒక రాత్రి.

గంధకం, సీబీఎస్ మరుసటి రోజు పొద్దున, ఆ రోజు ప్రెస్‌కి కావలసినంతకే వేయండి. ఒక ఏప్రిల్‌లో మూడు రోజుల సరుకుకి ఒకేసారి గంధకం కలిపి రేకుల షెడ్డులో పేర్చాను. మూడో రోజుకి అడుగు షీట్లు అప్పడాల్లా విరిగాయి. ప్రెస్‌కి పోకముందే సగం ఉడికిపోయాయి. గంధకం కలిపిన షీట్లని పొరకీ పొరకీ మధ్య బలపం రాయి పొడి చల్లి, నేల మీద, గాలి ఆడేలా పరచండి. పొడి ఎక్కువైతే మాత్రం మోల్డులో రెండు పొరలు అతుక్కోవు. ప్రెస్‌కి ముందు బ్రష్‌తో దులపండి.

ప్రెస్

పల్చటి వస్తువుకి 150 డిగ్రీల దగ్గర 8, 10 నిమిషాల్లో పని అవుతుంది. రియోమీటర్ (ఉడుకు సమయం కొలిచే యంత్రం) లేకపోతే చిన్న మోల్డులో 6, 8, 10, 12, 15 నిమిషాల ముక్కలు తీసి, మరుసటి రోజు షోర్ ఏ గేజితో గట్టిదనం చూడండి. పెరగడం ఆగిన చోటే మీ సమయం. ఇంకా పెంచితే సహజ రబ్బరు తిరిగి మెత్తబడుతుంది. పాత రబ్బరు ఎక్కువున్న మిశ్రమంలో ఈ తిరుగుడు ముందే వస్తుంది.

అంగుళం మందం ప్యాడ్ అలా కుదరదు. రబ్బరులో వేడి నత్తలా నడుస్తుంది. మామూలు లెక్క ఏమిటంటే, మొదటి 6 మిల్లీమీటర్ల తర్వాత ప్రతి 6 మిల్లీమీటర్లకి 5 నిమిషాలు కలపాలి. మేం ప్రెస్‌ని 145కి దించి, 12 నిమిషాలకి ఇంకో 16 కలిపి, 28 నిమిషాలు ఉంచుతాం. తొందరపడి 165కి పెంచితే పైపొర ముదిరి మెత్తబడేసరికి మధ్య ఇంకా పచ్చిగానే ఉంటుంది. మోల్డు మూసిన మొదటి నిమిషంలో ప్రెస్‌ని రెండు మూడుసార్లు కొద్దిగా తెరిచి మూయండి, గాలి పోతుంది.

ప్రతి షిఫ్టులో మొదటి ప్యాడ్‌ని అమ్మకానికి పెట్టకండి. చల్లారాక కత్తితో నడిమికి కోయండి. కోత నిగనిగలాడుతూ, సూదిమొన రంధ్రాలు లేకుండా ఉండాలి. రంధ్రాలుంటే తేమ మిగిలిపోయుండాలి లేదా ఉడుకు చాలకపోయుండాలి. బొటనవేలి గోరుతో మధ్యలో నొక్కి పది లెక్కపెట్టి వదలండి. గుర్తు మాయం కావాలి. కొనేవాళ్ళు రిపోర్టు అడిగితే ఐఎస్ 3400 ప్రకారం పరీక్షలు చేసే ల్యాబుకి ముక్కలు పంపాలి.

దేనికి వాడకూడదు

పాత రబ్బరు కలిపితే తెగే బలం తగ్గుతుంది. ఎంత బాగా విప్పినా ఆ లోటు మొత్తం పూడదు. నొక్కుడు తట్టుకోవాల్సిన వస్తువులకి అది పెద్ద ఇబ్బంది కాదు, సాగాల్సిన వస్తువులకి ఇబ్బందే. బ్రేకు భాగాలు, ప్రెషర్ గొట్టాలు, లారీ ఇంజిన్ మౌంటింగులు, తాగునీటికీ తిండికీ తగిలే వాషర్లు, వీటికి ఎవరు అడిగినా చేయొద్దు. టైరు చెప్పులు కుట్టేవాళ్ళు అట్ట కావాలని వస్తుంటారు. వాళ్ళకి నా షీటు కన్నా పాత టైరే మేలని చెప్పి పంపిస్తాను, నిజంగానే అది ఎక్కువ కాలం వస్తుంది.

కాగితాల సంగతి క్లుప్తంగా. పాత టైర్లని రీసైకిల్ చేసేవాళ్ళు 2022 జూలైలో వచ్చిన సవరణ నిబంధనల ప్రకారం కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. యూనిట్ పెట్టడానికి, నడపడానికి రాష్ట్ర మండలి అనుమతులు వేరే. ఇవి ముందు తెచ్చుకుని తర్వాత మిల్లు కొనండి. మేం తిరగేసి చేశాం, మిల్లు నాలుగు నెలలు టార్పాలిన్ కింద ఉంది.

ఇక మిగిలేది ఫ్లాష్. ప్రెస్ చుట్టూ రోజుకి ఒక బుట్టెడు తేలుతుంది. దాన్ని బఫింగ్ బస్తాల్లో కలపకుండా వేరే డబ్బాలో, వేరే రంగు మూతతో ఉంచుతాం. అది ఇప్పటికే ఒకసారి తిరిగి వచ్చిన రబ్బరు, దానిలో ముగ్గురాయి పొడి కూడా ఉంది కాబట్టి నిజమైన రబ్బరు సగం కన్నా తక్కువ. గ్రైండర్‌కి వేసి, ఒక బ్యాచ్‌లోని పాత రబ్బరులో అయిదో వంతుకి మించకుండా, ప్యాడ్లకి మాత్రమే ఇస్తాం. మ్యాట్లకి ఇవ్వం. డబ్బా నిండినప్పుడు మేస్త్రీ దాని మీద బలపంతో తేదీ రాస్తాడు, ముందు రాసింది ముందు మిల్లుకి పోతుంది.